సస్పెన్షన్ విడిభాగాల అమరిక (కారు)

కారు చక్రములకు, కారు దేహమునకు మధ్యనుండి, రోడ్డు ఎగుడుదిగుళ్ల తాకిడిని తగ్గించుచు, టైరు రోడ్డును వీడకుండునట్లు చేయు యంత్రాంగమును సస్పెన్షన్ అందురు. ఇందలి భాగములు అరిగినప్పుడు గాని, కారు ఎత్తును లేదా గట్టిదనమును మార్చదలచినప్పుడు గాని, కారు తయారీదారు కాక ఇతర సంస్థలు తయారుచేసిన విడిభాగములను కొని బిగించుట పరిపాటి. వీటిని ఆఫ్టర్‌మార్కెట్ విడిభాగములు అందురు. ఇవి కొన్ని సందర్భములలో పాత భాగమున్న స్థానములో సరిగా ఇమడవు. రంధ్రములు కలవవు, బోల్టు దూరదు, లేదా అన్నియు బిగిసిన తరువాత చక్రము వంకరగా నిలుచును. ఈ ఇబ్బందులు ఏల కలుగును, వాటిని ఎట్లు గుర్తించి సరిచేయవలెను అను విషయములు ఈ వ్యాసములో వివరింపబడినవి. భారతదేశములో తిరుగు చిన్న కార్లలో అధికభాగమునకు ముందు చక్రముల వద్ద మెక్‌ఫర్సన్ స్ట్రట్ అను రకపు సస్పెన్షన్ ఉండుటచే, వివరణ ముఖ్యముగా దానిని ఆధారము చేసికొని సాగును.

కారులో పాటల పెట్టె సరిగా అమరకున్న పాట వినబడదు, అంతియే. సస్పెన్షన్ సంగతి అట్లు కాదు. ముందు చక్రము వద్ద స్టీరింగు, బ్రేకు, సస్పెన్షన్ మూడును ఒకే ఉక్కుముక్కకు తగిలింపబడి ఉండును. అక్కడ బలవంతముగా ఇమిడ్చిన భాగము ఆ దినమున బాగుగనే కన్పట్టును. కొన్ని వందల కిలోమీటర్ల తరువాత వేగముగా పోవుచున్నప్పుడు దాని లోపము బయటపడును.

స్ట్రట్ నిర్మాణము

అమెరికా దేశపు ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1940వ దశకములో జనరల్ మోటార్స్ సంస్థలో ఉండగా ఈ అమరికను రూపొందించెను. ఆయన అక్కడ తలపెట్టిన చిన్నకారు ఉత్పత్తికి రాకపోవుటచే 1947లో ఫోర్డ్ సంస్థకు మారెను. 1950లో లండనులో ప్రదర్శింపబడిన ఫోర్డ్ కాన్సల్, ఫోర్డ్ జెఫిర్ కార్లతో ఇది విస్తృత ప్రచారములోనికి వచ్చినది. మన దేశములో 1983 డిసెంబరులో విడుదలైన మారుతీ 800 కారుతో సామాన్య కుటుంబములకు పరిచయమైనది. అంతకు పూర్వము రాజ్యమేలిన అంబాసిడరు కారుకు ముందు వైపు టార్షన్ బార్లు, వెనుక వైపు కమాను పట్టీలు ఉండెడివి.

స్ట్రట్ అనగా తీగచుట్ట స్ప్రింగు, దాని నడుమ షాక్ అబ్సార్బరు, రెండును కలిసిన నిలువు కంబము. మన మెకానిక్కులు దీనిని షాకబ్జరు అని పిలుతురు. నిజమునకు తాకిడిని మ్రింగునది స్ప్రింగు. స్ప్రింగు ఊగిసలాటను అణచునది లోపలి నూనె గొట్టము. పేరు తారుమారైనను వాడుకలో స్థిరపడినది గనుక ఈ వ్యాసములోను ఆ పేరే వాడబడినది. కంబము పై కొన రబ్బరు మౌంటింగు, బేరింగుల ద్వారా కారు దేహమునకు బిగింపబడును. క్రింది కొన సాధారణముగా రెండు బోల్టులతో స్టీరింగు నకుల్‌కు బిగింపబడును. నకుల్ అడుగు భాగమును లోయర్ ఆర్మ్ పట్టుకొని ఉండును. కుడి ఎడమ స్ట్రట్‌లను ఒక వంగిన ఉక్కు కడ్డీ లింక్ రాడ్‌ల ద్వారా కలుపును; దీనిని స్టెబిలైజర్ బార్ అందురు. మలుపులలో కారు ఒక ప్రక్కకు ఒరగకుండ ఇది ఆపును.

స్ట్రట్ సస్పెన్షన్‌లో షాకబ్జరు కేవలము ఊగుడును అణచు సాధనము కాదు; చక్రమును నిటారుగా నిలబెట్టు స్తంభము కూడ అదియే. కావుననే దాని కొలతలో స్వల్ప తేడా యున్నను చక్రపు నిలకడ మారిపోవును. లారీ వెనుక ఇరుసుకు బిగించు విడి షాకబ్జరుకు ఈ చిక్కు లేదు.

ఇమడకపోవుటకు కారణములు

విడిభాగము నాసిరకముది అని నిందించుటకు ముందు, అది ఆ కారునకు ఉద్దేశింపబడినదేనా అని చూడవలెను. అమరిక సమస్యలలో పెక్కింటికి మూలము ఇక్కడనే కలదు. ఉదాహరణకు మారుతీ స్విఫ్ట్ అను పేరు మీద భారతదేశములో 2005, 2011, 2018, 2024 సంవత్సరములలో నాలుగు తరముల కార్లు వెలువడినవి. మొదట పెట్రోలు ఇంజనుతో మాత్రమే వచ్చిన ఈ కారునకు 2007లో డీజిలు రకము తోడైనది. 2020లో ఆ సంస్థ డీజిలు కార్ల తయారీని నిలిపివేసినది. డీజిలు ఇంజను బరువైనది గనుక సాధారణముగా అట్టి కార్లకు ముందు స్ప్రింగులు వేరుగా ఉండును. "స్విఫ్ట్ షాకబ్జర్లు కావలెను" అని అంగడిలో అడిగిన అడుగువానికే తాను ఏది కోరుచున్నాడో తెలియదన్నమాట. తయారైన సంవత్సరము, నెల, ఇంధనము, రకము చెప్పవలెను. అన్నిటికంటె ఉత్తమము రిజిస్ట్రేషను పత్రములో ఉండు 17 అక్షరములు, అంకెలు గల చాసిస్ సంఖ్యను చూపుట. దానినిబట్టి అసలు భాగపు సంఖ్య తెలిసికొని, ఆ సంఖ్యకు బదులు ఏది సరిపోవునో ఆయా తయారీదారుల జాబితాలో చూడవచ్చును.

1961లో స్థాపింపబడిన గేబ్రియల్ ఇండియా వంటి సంస్థలు కార్ల కర్మాగారములకు షాకబ్జర్లు సరఫరా చేయుటయే గాక బయటి అంగళ్లలోను అమ్ముచున్నవి. అట్టివి కొన్నప్పుడు కొలతల తేడా అరుదు. చిక్కు వచ్చునది, ఒకే భాగమును పలు నమూనాల కార్లకు సరిపోవునట్లు చేసిన వాటితోను, పేరుగల సంస్థల పెట్టెలను అనుకరించిన నకిలీలతోను. మరియొక కారణము కారులోనే ఉండును. మునుపు ప్రమాదమునకు గురియై నకుల్ గాని, ఆర్మ్ గాని వంగి ఉన్నచో, సరియైన క్రొత్త భాగము కూడ వంకరగనే కూర్చుండును. పాత భాగము కూడ వంగి ఉండుటచే ఇంతకాలము ఆ సంగతి తెలియకపోయి ఉండవచ్చును.

విప్పుటకు ముందు

ఒక అరగంట ఇక్కడ వెచ్చించిన తరువాత అరదినము మిగులును. కారును సమతలముపై నిలిపి, నాలుగు చక్రముల వద్దను చక్రపు మధ్యబిందువు నుండి మడ్గార్డు అంచు వరకు గల నిలువు దూరమును టేపుతో కొలిచి వ్రాసికొనవలెను. ఈ నాలుగు సంఖ్యలు తరువాత రెండు మార్లు అవసరపడును. టైరు అడుగు నుండి కొలువరాదు, గాలి ఒత్తిడినిబట్టి ఆ కొలత మారును.

తదుపరి క్రొత్త స్ట్రట్‌ను కారునకు ఇంకను బిగించియున్న పాతదాని ప్రక్కన పట్టుకొని పోల్చవలెను. చూడవలసినవి: క్రింది రెండు రంధ్రముల వ్యాసము, వాటి మధ్య దూరము, ఆ రంధ్రములున్న చెవుల నడుమ ఖాళీ, అనగా నకుల్ మందము అందులో పట్టునా అనునది, అడుగు రంధ్రము నుండి స్ప్రింగు పళ్లెము వరకు ఎత్తు, పిడికడ్డీ పైన మర వ్యాసము. లింక్ రాడ్ తగిలించు చెవి, బ్రేకు గొట్టము పట్టుకొను క్లిప్పు, ఏబీఎస్ తీగ క్లిప్పు ఉన్నవా, ఉన్నచో సరియైన వైపు ఉన్నవా అని చూచుట మరువరాదు. భారతదేశములో క్రొత్త నమూనాల కార్లకు 2018 ఏప్రిల్ నుండి, అప్పటికే అమ్మకములో ఉన్న నమూనాలకు 2019 ఏప్రిల్ నుండి ఏబీఎస్ తప్పనిసరి అయినది. అంతకు పూర్వపు నమూనాకు చేసిన స్ట్రట్‌లపై తీగ క్లిప్పు ఉండకపోవచ్చును. అప్పుడు తీగను ప్లాస్టిక్ పట్టీతో ఎక్కడనో కట్టివేయుట కన్పట్టుచున్నది. చక్రము పూర్తిగా తిరిగినప్పుడు ఆ తీగ టైరుకు రాచుకొని తెగిన ఏబీఎస్ పనిచేయదు. బ్రేకు గొట్టము విషయములో ఇట్టి పని చేయనే కూడదు.

ముందు స్ట్రట్‌లలో కుడి, ఎడమ వేరు. పెట్టెమీద అక్షరములు తారుమారైన సందర్భములు ఉన్నవి. క్లిప్పులు ఏ దిక్కునకు చూచుచున్నవో దానినిబట్టి నిర్ధారించుకొనవలెను. ఒక వైపు షాకబ్జరు మాత్రమే కారుచున్నను రెండును కలిపి మార్చుట మేలు. ఒకటి క్రొత్తది, ఒకటి పాతదైన బ్రేకు వేయునప్పుడు కారు ఒక ప్రక్కకు లాగు అవకాశము కలదు.

గ్యాసు నింపిన షాకబ్జరు పట్టీ విప్పగనే తనంతట తాను పైకి లేచును. ఇది లోపము కాదు. జతలో ఒకటి లేచి, రెండవది లేవకున్న మాత్రము దానిని తిప్పి పంపవలెను. రెండు గొట్టముల రకపు షాకబ్జరు అంగడిలో అడ్డముగా పడియున్న కాలములో లోపలి గొట్టములోనికి గాలి చేరును. నిటారుగా నిలిపి, పూర్తిగా లాగి, పూర్తిగా అదిమి, ఇట్లు నాలుగైదు మార్లు చేసిన ఆ గాలి పైకి పోవును. ఇట్లు చేయక బిగించినచో టకటక శబ్దము వచ్చి, క్రొత్త భాగమే చెడినదని భ్రమ కలుగును.

స్ప్రింగు విప్పుట, కూర్చుట

ఈ పనిలో ప్రాణాపాయము కలదు. స్ట్రట్ మీది స్ప్రింగు ముందే అదుమబడి ఉండును. 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన నియమము ప్రకారము స్ప్రింగు ఎంత కుదించిన అంత బలముతో ఎదురునెట్టును. మిల్లీమీటరుకు 20 న్యూటనుల గట్టిదనము గల స్ప్రింగును 150 మి.మీ. అదిమినచో దాని బలము 3000 న్యూటనులు, అనగా సుమారు 300 కిలోల బరువుతో సమానము. అందులో దాగిన శక్తి 225 జౌళ్లు. 10 కిలోల ఇనుపగుండు 2.3 మీటర్ల ఎత్తు నుండి పడిన ఎంత దెబ్బ తగులునో అంత. కావున పై నట్టును స్ప్రింగ్ కంప్రెసర్ తగిలించిన తరువాతనే విప్పవలెను. కంప్రెసరు కొక్కెములు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండి, రెండు మరలను కొద్దికొద్దిగా సమానముగా బిగించుచు పోవలెను. తాళ్లు, గొలుసులు కట్టి ఈ పని ముగించు చోటు నుండి కారును వెనుకకు తెచ్చుకొనుట మంచిది.

స్ప్రింగు కొన క్రింది పళ్లెములోని మెట్టుకు ఆని ఉండవలెను. కొందరు వ్రేలు దూరునంత సందు విడిచి పైది బిగింతురు. బండి కదలగనే స్ప్రింగు ఎగిరి తన స్థానమునకు చేరుచు పెద్ద చప్పుడు చేయును. స్ప్రింగు చివర ఆకారములు రెండు. కొన్నిటి చివరి చుట్టు చిన్నదై లోనికి ముడుచుకొని ఉండును, కొన్నిటిది సమతలముగా ఉండును. ఒక రకపు పళ్లెములో రెండవ రకపు స్ప్రింగు ఎన్నటికిని కుదురుగా కూర్చుండదు. రబ్బరు ముక్కలు ఇరికించి కూర్చుండబెట్టుట పరిష్కారము కాదు. పళ్లెమునైనను మార్చవలెను, స్ప్రింగునైనను మార్చవలెను.

పై నట్టును గాలి తుపాకీతో బిగించుట ఇప్పుడు షెడ్డులలో సర్వసాధారణము. అప్పుడు కడ్డీ కూడ గిరగిర తిరిగి లోపలి పిస్టను నట్టు వదులగును. కడ్డీ తిరుగకుండుటకు పకడుతో పట్టుట అంతకంటె హానికరము. మెరుగుపెట్టిన కడ్డీపై వెంట్రుకవాసి గీత పడినను అది సీలును కోసి నూనె కారునట్లు చేయును. కడ్డీ తలలో ఆరు పలకల గుంట గాని, ప్రక్కల చదునుపట్టు గాని ఉండునది ఇందుకొరకే. అందులో చిన్న పానా ఉంచి కడ్డీని నిలిపి, నట్టును చేతి పానాతో బిగింపవలెను. మౌంటింగు, బేరింగు, బంప్ స్టాపర్, డస్ట్ కవరు పాతవి తిరిగి వాడుట పొదుపు కాదు. మరల ఇంతపని విప్పవలసి వచ్చును.

రంధ్రములు కలవనప్పుడు

స్ట్రట్ చెవులలోని రంధ్రము, నకుల్ రంధ్రము ఎదురుగా నిలువని యెడల మెకానిక్కు చేతిలోనికి మొదట వచ్చునది ఆకురాయి. రంధ్రమును కొద్దిగా గీకిన బోల్టు దూరును. దీని ఫలితమును లెక్కకట్టి చూచిన గాని తీవ్రత తెలియదు. రెండు బోల్టుల మధ్య దూరము 60 మి.మీ. అనుకొందము. ఒక బోల్టు 1 మి.మీ. ప్రక్కకు జరిగిన చక్రము 1/60 రేడియను, అనగా 0.95 డిగ్రీ వాలును. ఈ వాలును కేంబర్ అందురు. చిన్న కార్లకు తయారీదారు అనుమతించు హెచ్చుతగ్గులు సాధారణముగా ఒక డిగ్రీ లోపుననే ఉండును. అనగా ఒక మిల్లీమీటరు గీకుడుతో అనుమతి మొత్తము ఖర్చైపోవును. అంతకంటె ముఖ్యమైనది, గీకిన రంధ్రములో బోల్టు ఇకమీదట కేవలము బిగువు వలన కలుగు ఘర్షణ చేతనే నిలిచియుండును. గుంతలో పడినప్పుడు జారినచో చక్రపు వాలు నడిరోడ్డుపైననే మారును.

కావున కలవకున్న కారణము వెదకవలెను. పెక్కుమార్లు కారణము చాల చిన్నది. చక్రము వైపు భాగమంతయు క్రిందికి వ్రేలాడుచున్నందున లోయర్ ఆర్మ్ నకుల్‌ను బయటకు లాగుచుండును. నకుల్ క్రింద జాకీ ఉంచి కొద్దిగా ఎత్తిన రంధ్రములు తమంత తామే ఎదురుపడును. చెవుల లోపలి రంగు మందముగా పూయబడినచో ఇరుకగును. ఆ రంగును మాత్రము గీకివేయవచ్చును. నకుల్ అంచున త్రుప్పు పొర ఉండినను ఇదే అగును. ఇవేవియు కాక, కొలపరికరముతో చూచినప్పుడు రంధ్రముల మధ్య దూరమే తేడాగా ఉన్నచో ఆ భాగము ఆ కారుది కాదు. తిరిగి ఇచ్చివేయవలెను. బిగించిన గుర్తులు, గీకిన గుర్తులు పడిన భాగమును ఏ అంగడివాడును వాపసు తీసికొనడు గనుక కొలుచుట ముందు, గీకుట ఎన్నడును లేదు.

కేంబర్ సరిదిద్దదలచిన వారికి కేంబర్ బోల్టులు అమ్మకములో కలవు. బోల్టు నడుమ ఒక ప్రక్కకు ఉబ్బెత్తుగా ఉండి, త్రిప్పినకొలది నకుల్‌ను లోనికో బయటికో నెట్టును. ఇవి కొన్ని కార్లకు ఆమోదింపబడినవి. మామూలు బోల్టు కంటె వీటి నడుము సన్నము గనుక చెప్పిన బిగువుకే బిగించుట, పై రంధ్రమునకా క్రింది రంధ్రమునకా అని సూచనపత్రము చూచుట ఆవశ్యకము.

రబ్బరు బుష్‌లు

అమరికలో జరుగు పొరపాట్లలో కంటికి కన్పించనిది, అందుచేతనే ఎక్కువ మంది చేయునది ఇది. లోయర్ ఆర్మ్ లోపలి కొనలో రబ్బరు బుష్ ఉండును. బయటి ఉక్కు గొట్టము, లోపలి ఉక్కు గొట్టము, నడుమ రెంటికిని అతుకబడిన రబ్బరు. బోల్టు బిగించినప్పుడు లోపలి గొట్టము చాసిస్‌కు కదలకుండ బంధింపబడును. ఆర్మ్ పైకి క్రిందికి ఆడునప్పుడు గొట్టము తిరుగదు, రబ్బరు మెలిపడును. అనగా రబ్బరు మెలిలేకుండ ఉండు స్థితి ఏదో బోల్టు బిగించిన క్షణముననే నిర్ణయమైపోవును.

కారును జాకీపై ఎత్తి, చక్రములు వ్రేలాడుచుండగా బిగించిన ఏమగును? ఆర్మ్ పొడవు 350 మి.మీ. అనుకొందము, చక్రము 80 మి.మీ. క్రిందికి వ్రేలాడినదనుకొందము. కారును నేలపై దించగనే రబ్బరు సుమారు 13 డిగ్రీలు మెలిపడి, కారు నిలిచియున్నప్పుడు కూడ ఆ మెలిలోనే ఉండును. గుంత వచ్చినప్పుడు ఆ పైన మరికొంత. ఇట్లు కొద్ది మాసములలో రబ్బరు చిరుగును. యజమాని బుష్‌లు నాసిరకమువని తలంచి మరల కొనును, మెకానిక్కు మరల అట్లే బిగించును. కారు ఒక ప్రక్క కొద్దిగా ఎత్తుగా నిలుచుటకును ఇది కారణము కాగలదు.

సరియైన పద్ధతి సులభము. బోల్టులన్నియు దూర్చి, నట్లు చేతితో మాత్రము తగిలించి, బాల్ జాయింటు క్రింద జాకీ ఉంచి, మొదట వ్రాసికొన్న మడ్గార్డు కొలత వచ్చువరకు ఎత్తవలెను. స్టాండు మీది కారు పైకి లేవసాగిన అంతటితో ఆపవలెను. లేదా చక్రములు ర్యాంపుపై ఉంచి కారు బరువు వాటిపై పడనిచ్చి, అప్పుడు బిగింపవలెను. పాలీయురేథేన్ బుష్‌లలో లోపలి గొట్టము అతుకబడక స్వేచ్ఛగా తిరుగు రకమునకు ఈ నియమము వర్తించదు. వాటికి ఇచ్చిన గ్రీజు పూయకున్న కిర్రుమని చప్పుడు చేయును. మన రోడ్లపై కుటుంబముతో ప్రయాణించు కారునకు మామూలు రబ్బరే హాయి.

విశాఖపట్టణము, కాకినాడ వంటి సముద్రతీర పట్టణములలో ఉప్పుగాలికి బోల్టు లోపలి గొట్టమునకు త్రుప్పుతో అతుకుకొనిపోవుట కలదు. అప్పుడు నూనె చిమ్మి ఒక రాత్రి నానబెట్టుట ఉత్తమము. మంటతో కాల్చుట రబ్బరునకు నాశనము. గ్యాసు షాకబ్జరు దాపున మంట పెట్టుట మనుష్యులకే అపాయము. క్రొత్త బోల్టుకు పలుచగా గ్రీజు పూయుటలో తప్పులేదు, మరలకు మాత్రము అంటనీయరాదు. మరకు జిడ్డు తగిలిన అదే పానా బలమునకు బోల్టు ఎక్కువ సాగును.

లింక్ రాడ్, బాల్ జాయింటు

ఒక చక్రము జాకీపై, రెండవ చక్రము నేలపై ఉన్నప్పుడు స్టెబిలైజర్ బార్ మెలిపడి ఉండును. అప్పుడు క్రొత్త లింక్ రాడ్ పొడవు చాలదనియో, ఎక్కువైనదనియో అనిపించును. రెండు ముందు చక్రములను ఒకే ఎత్తునకు లేపినచో రాడ్ అనాయాసముగా దూరును. అట్లు లేపిన తరువాత కూడ పొడవులో తేడా ఉన్నప్పుడే భాగము తప్పు.

బాల్ జాయింటు ముల్లు శంఖాకృతిలో ఉండి నకుల్ రంధ్రములో బిగుసుకొనును. బిగించునప్పుడు ముల్లు కూడ తిరుగుచున్న, క్రింద నుండి జాకీతో మెల్లగా నొక్కి పట్టిన నిలుచును. వాలుకోణమే వేరైనచో ముల్లు పై అంచునో క్రింది అంచునో మాత్రము తాకుచుండును. కొద్దిగా రంగు పూసి బిగించి విప్పిన ఎక్కడ తాకినదో తెలియును. అట్టి జాయింటును వాడరాదు. ఇది ఊడినచో చక్రము ప్రక్కకు పడిపోవును. కిరీటము వంటి నట్టులో పిన్ను దూర్చుటకు గాడి ఎదురుపడకున్న నట్టును వెనుకకు వదలు చేయక, ముందునకే మరికొంత బిగింపవలెను.

మరల గురించి ఒక మాట. 12 మి.మీ. బోల్టులలోనే మర అంతరము 1.25, 1.5, 1.75 మి.మీ. అని మూడు విధములు కలవు. తప్పు నట్టు రెండు చుట్లు ఎక్కి బిగుసును. పానాతో త్రిప్పిన మర పాడగును. ఏ నట్టునైనను నాలుగు చుట్లు వ్రేళ్లతో ఎక్కించిన తరువాతనే పానా పెట్టవలెను. బోల్టు తలపై ఉండు 8.8, 10.9 అను సంఖ్యలు బలమును తెలుపును. మొదటి అంకెను 100తో హెచ్చించిన అది తెగుటకు కావలసిన ఒత్తిడి మెగాపాస్కల్‌లలో వచ్చును. రెండవది, అందులో ఎంత భాగము వద్ద శాశ్వతముగా సాగునో తెలుపును. అసలు బోల్టు 10.9 అయినచోట అంగడిలో దొరికిన 8.8 వేయరాదు. లోపల నైలాను వలయమున్న నట్లు ఒకసారి విప్పిన తరువాత పనికిరావు.

ఎత్తు మార్చు భాగములు

స్పీడుబ్రేకర్లకు అడుగు తగులుచున్నదని మన ప్రాంతములో పలువురు స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు లేదా పాలీయురేథేన్ దిమ్మలు ఇరికించుచుందురు. ఇట్లు దిమ్మ ఉన్నచోటి చుట్టు పనిచేయక మిగిలిన చుట్లపై భారము పడును. 8 చుట్లు పనిచేయు స్ప్రింగులో ఒకటి నిలిచిపోయిన గట్టిదనము 8/7 రెట్లు, అనగా 14 శాతము పెరుగును. షాకబ్జరు అణచుశక్తి మాత్రము పాతదే గనుక కారు ఎగురుచున్నట్లుండును. కారును క్రిందికి దించుటకు స్ప్రింగును ఒక చుట్టు కోయువారికి ఇదే లెక్క వర్తించును, పైగా కోసిన కొన పళ్లెములో కూర్చుండదు. స్ప్రింగు తీగ మందము విషయము ఇంకను సూక్ష్మము. గట్టిదనము తీగ వ్యాసపు నాల్గవ ఘాతమును అనుసరించును. 12 మి.మీ. తీగకు బదులు 13 మి.మీ. తీగ వేసిన, తక్కిన కొలతలు మారకున్నను, గట్టిదనము సుమారు 38 శాతము పెరుగును. కంటికి రెండును ఒకటే.

సీఎన్‌జీ అమర్చిన టాక్సీలకు వెనుక స్ప్రింగులు మార్చుటలో న్యాయమున్నది. 60 లీటర్ల ఉక్కు సిలిండరు బరువు అర్ధ క్వింటాలుకు అటునిటుగా ఉండి, ఎప్పుడును అక్కడనే ఉండును. ఆ భారమునకు ఉద్దేశించిన స్ప్రింగులు వేసిన కారు సమముగా నిలుచును. కారును ఎక్కువ ఎత్తు చేసినచో ముందు చక్రములకు శక్తినందించు డ్రైవ్ షాఫ్టుల కోణము పెరిగి వాటి రబ్బరు తిత్తులు త్వరగా చిరుగును. బ్రేకు గొట్టము చక్రము వ్రేలాడినప్పుడు బిగుసుకొనును. దించినచో బంప్ స్టాపర్ వరకు ఉన్న దూరము తగ్గును, 30 మి.మీ. దించిన 30 మి.మీ. తగ్గును. అప్పుడు పొట్టి బంప్ స్టాపరు, పొట్టి షాకబ్జరు కలిసిన జతనే కొనవలెను. మరలతో ఎత్తు మార్చు కాయిలోవర్ రకములో స్ప్రింగు పళ్లెము టైరు ప్రక్కకు వచ్చినచో టైరు రాచుకొనును. గాలి తీసిన టైరు ఉబ్బును కూడ దృష్టిలో ఉంచుకొని సందు చూడవలెను.

ఇట్టి మార్పులకు చట్టపు హద్దు కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు మొదట నిర్దేశించిన వివరములకు రిజిస్ట్రేషను పత్రములోని వివరములు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని ధ్రువీకరించినది. అదే సంవత్సరపు సవరణతో వచ్చిన 182-ఎ సెక్షను, అనుమతిలేని మార్పు చేసిన యజమానికి ఆరు మాసముల వరకు ఖైదు గాని, ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధించుటకు వీలు కల్పించినది. అరిగిన షాకబ్జరు స్థానములో అదే కొలత గల మరియొకటి బిగించుట మరమ్మతే.

బిగించిన తరువాత

చక్రము ఎక్కించుటకు ముందు స్టీరింగును ఈ కొస నుండి ఆ కొస వరకు త్రిప్పి, బ్రేకు గొట్టము, ఏబీఎస్ తీగ ఎక్కడను బిగుసుకొనక, రాచుకొనక ఉన్నవని చూడవలెను. సహాయకుడు స్టీరింగు త్రిప్పుచుండగా పై మౌంటింగుపై చేయి ఉంచిన, బేరింగు కుదురుగా కూర్చున్నదో లేదో చేతికే తెలియును. స్ప్రింగు కొంతసేపు మెలిపడి టంగున విడిపోవుచున్నట్లయిన బేరింగు తలక్రిందులుగా పడినదని గాని, అరిగినదని గాని గ్రహింపవలెను.

కారును దించి, పది గజములు ముందునకు వెనుకకు నడిపి, మడ్గార్డు కొలతలు మరల తీయవలెను. కుడి ఎడమల మధ్య తేడా పది మిల్లీమీటర్లకు మించిన స్ప్రింగు కొన మెట్టులో లేదేమో, బుష్ మెలిపడెనేమో చూడవలెను.

వీల్ అలైన్‌మెంటు చేయించుట ఐచ్ఛికము కాదు. స్ట్రట్ విప్పిన ప్రతిసారి కేంబర్, దానితోపాటు చక్రముల ముందుచూపు, అనగా టో, మారును. టో పదవవంతు డిగ్రీ తప్పిన టైరు ప్రతి కిలోమీటరుకును సుమారు 1.75 మీటర్లు అడ్డముగా రాచుకొనును. పదివేల కిలోమీటర్లకు అది పదిహేడున్నర కిలోమీటర్లు. అలైన్‌మెంటు యంత్రము ఇచ్చు కాగితముపై పూర్వపు విలువలు, తరువాతి విలువలు రెండును ఉండును. దానిని అడిగి తీసికొనవలెను. కేంబర్ కుదరలేదని యంత్రము చూపుచుండగా "టో పెట్టితిమి, పోవును" అని పంపువారున్నారు. ఆ కాగితమే అమరిక తప్పినదనుటకు మొదటి సాక్ష్యము. కారు ఎత్తు మారినచో హెడ్‌లైటు వాలును కూడ సరిచేయించవలెను, లేనిచో ఎదురువచ్చు వారి కండ్లలో వెలుగు పడును.

కొన్ని వందల కిలోమీటర్ల తరువాత బోల్టులన్నిటిని టార్క్ పానాతో మరియొకసారి పరీక్షించుట మంచిది. బిగువు విలువలు ప్రతి కారునకు వేరు గనుక ఆ కారు మరమ్మతు పుస్తకములోనివే వాడవలెను.

తీసివేసిన పాత భాగములను ఈ పరీక్ష ముగియువరకు పారవేయరాదు. క్రొత్తదానిలో అనుమానము వచ్చినప్పుడు కొలిచి పోల్చుటకు అవియే ఆధారము. తరువాత పాత ఇనుము వానికి ఇచ్చునప్పుడు గ్యాసు షాకబ్జరు లోపల నత్రజని ఒత్తిడితో ఉన్నదని చెప్పి ఇవ్వవలెను. దానిని కోయుట, నిప్పులో వేయుట ప్రమాదకరము.